ఒక్క నిమిషం వీడియో, వెనకున్న వంద మంది: రుజువు అడిగే వైద్యం కథ

ఈ ఎపిసోడ్‌లో వైద్య చరిత్రలో వచ్చిన ఒక మలుపు గురించి మాట్లాడుకుందాం. ఒకప్పుడు రోగికి ఏ మందు ఇవ్వాలి, ఆపరేషన్ చెయ్యాలా వద్దా అనేది పెద్ద డాక్టరుగారి అనుభవాన్ని బట్టి నడిచేది. ఆయన మాటే వేదం. తర్వాత కొంతమంది "అనుభవం సరే, రుజువేదీ?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ అడగడానికే ఇప్పుడు ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ అని పేరు. మనం సులువుగా రుజువు అడిగే వైద్యం అనుకుందాం. ఇది ఎలా వచ్చింది, దీన్ని మామూలు జనానికి నేర్పడానికి చిన్న వీడియోలు పనికొస్తాయా, వస్తే ఎలాంటివి వస్తాయి అన్నదే ఇవాళ్టి విషయం.

ఇందులో ఒక చిక్కుంది, ముందే చెప్పేస్తాను. వీడియో బలమంతా ఒక మనిషి ముఖంలో ఉంటుంది. "నాకు మోకాళ్ల నొప్పులు ఉండేవి, ఇది తాగాను, పోయాయి" అని ఒకాయన కెమెరా వైపు చూసి చెబితే మన మనసు వెంటనే అటు వాలిపోతుంది. రుజువు అడిగే వైద్యం పుట్టిందేమో, ఒక్క మనిషి కథ విని నిర్ణయం తీసుకోవద్దు అని చెప్పడానికి. మరి ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందా? చరిత్రలోకి వెళ్లి చూద్దాం.

1747వ సంవత్సరం మే నెల. ఇంగ్లండ్ నౌకాదళంలో సాలిస్‌బరీ అనే ఓడ. అందులో జేమ్స్ లిండ్ అనే డాక్టర్. ఆ రోజుల్లో నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకి స్కర్వీ వచ్చేది. చిగుళ్లు వాచి రక్తం కారడం, కాళ్లలో సత్తువ లేకపోవడం, చివరికి చావు. దీనికి మందు ఇదీ అని ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు. లిండ్ ఏం చేశాడంటే, జబ్బు దాదాపు ఒకే స్థాయిలో ఉన్న 12 మందిని తీసుకుని ఇద్దరేసి చొప్పున ఆరు జట్లు చేశాడు. అందరికీ భోజనం ఒకటే. మందు మాత్రం జట్టుకొకటి. ఒక జట్టుకి యాపిల్ సైడర్, ఒక జట్టుకి నీళ్లు కలిపిన గంధకామ్లం, ఒకరికి వెనిగర్, ఒకరికి సముద్రపు నీళ్లు, ఒకరికి వెల్లుల్లి, ఆవాలు లాంటివి కలిపి నూరిన ముద్ద. మిగిలిన జట్టుకి రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మకాయ. ఆరు రోజులకి పళ్లు అయిపోయాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు డ్యూటీకి వెళ్లగలిగే స్థితికి వచ్చాడు. రెండోవాడు కూడా బాగా కోలుకున్నాడు.

గమనించండి, లిండ్ చేసింది నారింజ ఇచ్చి చూడడం ఒక్కటే కాదు. నారింజ ఇవ్వని పది మందిని కూడా పక్కనే పెట్టుకుని చూశాడు. ఆ పది మందే లేకపోతే, నారింజ తిన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే కోలుకున్నారేమో అనే అనుమానం తీరేది కాదు.

అయితే కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. లిండ్ 1753లో స్కర్వీ మీద పెద్ద గ్రంథం రాశాడు. వందల పేజీల పుస్తకంలో ఈ ప్రయోగం గురించి ఉన్నది కొద్ది పేరాలే. పైగా పళ్లు నిలవ ఉండవు కాబట్టి రసాన్ని వేడి మీద చిక్కబరిచి వాడమన్నాడు. ఆ వేడికి అసలు గుణమే చాలావరకు పోతుంది. విటమిన్ సి అనేది ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు కదా. నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని ఆదేశించింది 1795లో. పుస్తకం వచ్చిన 42 ఏళ్లకి! ఈలోగా ఎంతమంది పోయి ఉంటారో ఊహించుకోండి. రుజువు దొరకడం ఒక పని. దాన్ని జనానికి అర్థమయ్యేలా చేర్చడం ఇంకో పని. ఈ రెండో పని కూడా ప్రాణాల మీదికి వచ్చే పనే.

ఇక 20వ శతాబ్దానికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అనే మందు కనిపెట్టారు, టీబీకి పనిచేస్తుందంటున్నారు. బ్రిటన్ దగ్గర డాలర్లు లేవు, మందు కొంచెమే దొరికింది. అందరికీ ఎలాగూ సరిపోదు. అప్పుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక నిపుణుడు, ఎవరికివ్వాలో డాక్టర్లు ఎంచుకోవద్దు, లాటరీ వేద్దాం అన్నాడు. సీలు వేసిన కవర్లలో చీటీలు. 55 మందికి మందూ విశ్రాంతీ, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఎక్స్‌రేలు చూసే డాక్టర్లకి ఏ ఎక్స్‌రే ఎవరిదో చెప్పలేదు. ఆరు నెలల్లో మందు తీసుకున్నవాళ్లలో నలుగురు చనిపోయారు, తీసుకోనివాళ్లలో 14 మంది. 1948లో ఈ ఫలితం ప్రచురించారు. చీటీలు ఎందుకంటే, డాక్టరుకి తెలియకుండానే కాస్త బలంగా ఉన్న రోగుల్ని మందు వైపు నెట్టే అవకాశం ఉంది. అలా నెట్టితే ఆ గెలుపు మందుది కాదు, రోగిది.

ఇదే పద్ధతి మన పక్కకి కూడా వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు మన పెద్దవాళ్లకి బాగా తెలుసు. టీబీ వచ్చిందంటే ఇల్లూ వాకిలీ వదిలి అలాంటి చోటికి వెళ్లాలి, మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి కావాలి అనేది అప్పటి నమ్మకం. కానీ దేశంలో లక్షల మంది రోగులు, పడకలు మాత్రం కొన్ని వేలు. 1956లో మద్రాసులో టీబీ పరిశోధన కేంద్రం మొదలైంది. ఇదే ఇప్పుడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. అక్కడ 193 మంది రోగుల్ని చీటీల పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక సగం శానిటోరియానికి, ఒక సగం ఇంటికి. మందులు ఇద్దరికీ ఒకటే. ఇంటికి వెళ్లినవాళ్లు ఇరుకు గదుల్లో, అరకొర తిండితో, పనులు చేసుకుంటూ ఉన్నారు. ఏడాది తర్వాత చూస్తే జబ్బు అణిగినవాళ్లు శానిటోరియంలో 92 శాతం, ఇంట్లో 86 శాతం. పెద్ద తేడా లేదు. ఇంట్లోవాళ్లకి అంటుకోవడం కూడా పెరగలేదు. ఆ తర్వాత ప్రపంచమంతా టీబీకి ఇంటి దగ్గరే మందులు ఇవ్వడం వైపు మళ్లింది. ఇవాళ మన ఊరి ఆరోగ్య కేంద్రంలో టీబీ మాత్రలు తెచ్చుకుని ఇంట్లో వేసుకుంటున్నారంటే, దాని వెనక మద్రాసులో వేసిన ఆ చీటీలున్నాయి.

సరే, ఇప్పుడు దీనికి ఎదురు కథ ఒకటి చెప్పాలి. బెంజమిన్ స్పాక్ అని అమెరికాలో పిల్లల డాక్టరు. పిల్లల పెంపకం మీద ఆయన రాసిన పుస్తకం కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. 1950ల మధ్య నుంచి వచ్చిన కూర్పుల్లో ఆయన పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమన్నాడు. వెల్లకిలా పడుకుని కక్కుకుంటే గొంతుకి అడ్డం పడుతుందని ఆయన భయం. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి! మంచి మనసుతో చెప్పిన మాటే. కానీ రుజువు చూసి చెప్పిన మాట కాదు. బోర్లా పడుకున్న పిల్లలు నిద్రలోనే హఠాత్తుగా చనిపోవడం ఎక్కువ. 2005లో పాత పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి చూసినవాళ్లు తేల్చిందేమిటంటే, 1970 నాటికే ఈ సంగతి తెలుసుకునేంత సమాచారం ఉంది. అప్పుడే ఎవరైనా వాటిని కలిపి చూసి ఉంటే, ఒక్క బ్రిటన్‌లోనే పదివేలకి పైగా పసిప్రాణాలు, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాలన్నీ కలిపితే కనీసం 50 వేలు దక్కి ఉండేవేమో అని వాళ్ల లెక్క.

ఈ తప్పు దిద్దుబాటులోనే చిన్న వీడియో రంగంలోకి వస్తుంది. 1991లో ఆన్ డైమండ్ అనే బ్రిటిష్ టీవీ యాంకర్ పసిబిడ్డ ఇలాగే నిద్రలో పోయాడు. అప్పటికే న్యూజీలండ్‌లో పరిశోధన జరిగి, పిల్లల్ని బోర్లా వెయ్యొద్దని అక్కడ చెబుతున్నారు. ఆవిడ ఆ సంగతి తెలుసుకుని ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చింది. ఆ ఏడాది చివర్లోనే బ్రిటన్ టీవీల్లో చిన్న ప్రకటన మొదలైంది. పాపాయిని వెల్లకిలా పడుకోబెట్టండి అని. కొద్ది సంవత్సరాల్లోనే అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గిపోయాయి. లిండ్ పుస్తకానికి పట్టిన 42 ఏళ్లెక్కడ, దీనికి పట్టిన కాలమెక్కడ!

కాబట్టి చిన్న వీడియో ప్రాణాలు కాపాడగలదు, అందులో సందేహం లేదు. కానీ ఆలోచించండి. ఆ టీవీ ప్రకటన తల్లులకి జవాబు చెప్పింది. ఆ జవాబు ఎలా వచ్చిందో నేర్పలేదు. రేపు ఇంకెవరో అంతే ధీమాగా ఇంకో మాట చెబితే, అది నిజమో కాదో తేల్చుకునే పనిముట్టు వాళ్ల చేతికి ఇవ్వలేదు. స్పాక్ మాటని జనం నమ్మింది కూడా ఇలాగే కదా?

ఈ తేడా నాకు బాగా తెలిసొచ్చింది మా పిన్ని వల్ల. ఆవిడకి చాలా ఏళ్లుగా బీపీ. ఆ మధ్య ఏదో కషాయం వీడియో చూసి మాత్రలు మానేసింది. "ఒంట్లో ఏం తేడా లేదురా, హాయిగానే ఉన్నా" అంది. బీపీతో వచ్చిన తంటాయే అది, పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు. నేను ఒక్కటే అడిగాను, "పిన్నీ, ఆ వీడియోలో కషాయం తాగినా తగ్గనివాళ్లని ఎవరినైనా చూపించారా?" అని. "తగ్గనివాళ్లు వీడియో ఎందుకు చేస్తార్రా?" అంది. అనేసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తనే ఫోన్ చేసి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంది.

మా పిన్ని అన్న ఆ ఒక్క మాటలో మొత్తం పాఠం ఉంది. కెమెరా ఎదురుగా ఉన్నవాళ్లనే చూపిస్తుంది. మనం నిర్ణయం తీసుకోవాలంటే కెమెరా ముందుకు రానివాళ్లు కూడా కనపడాలి. ఓడలో నారింజ దొరకని ఆ పది మంది లాగా.

ఈ ఆలోచనకి పేరు పెట్టింది కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు. డేవిడ్ సాకెట్ అనే ఆయన అక్కడ వైద్య పత్రికల్లో వచ్చే పరిశోధనల్ని ఎలా చదవాలో డాక్టర్లకి నేర్పడం మొదలుపెట్టాడు. తర్వాత గోర్డన్ గయట్ ఈ పద్ధతికి సైంటిఫిక్ మెడిసిన్ అని పేరు పెడదామంటే, "ఇన్నాళ్లూ మేము చేసింది సైన్సు కాదా?" అని తోటి డాక్టర్లకి కోపం వచ్చింది. దాంతో ఆయన ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ అని మార్చాడు. 1991లో ఆ మాట అచ్చులోకి వచ్చింది. 1996లో సాకెట్, ఆయన మిత్రులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. పరిశోధనలో తేలిన రుజువూ డాక్టరు అనుభవమూ కలవాలి, రోగి ఏం కోరుకుంటున్నాడో అదీ లెక్కలోకి రావాలి అని. ఆ చివరి ముక్కని చాలామంది మర్చిపోతారు.

ఆ చివరి ముక్క కోసమే వీడియోని మొదట వాడారు. జాన్ వెన్‌బర్గ్ అనే అమెరికన్ డాక్టరు వెర్మాంట్ రాష్ట్రంలో ఒక వింత చూశాడు. పక్కపక్క ఊళ్లే, జనం ఒకలాంటివాళ్లే. ఒక ఊళ్లో పిల్లల్లో చాలామందికి టాన్సిల్స్ తీసేస్తున్నారు, పక్క ఊళ్లో కొద్దిమందికే తీస్తున్నారు. జబ్బులో తేడా లేదు, డాక్టర్ల అలవాటులో ఉంది తేడా. 1973లో దీన్ని ప్రచురించాడు. తర్వాత 1980ల చివర్లో ఆయన, సహచరులు కలిసి ప్రోస్టేట్ వాచిన మగవాళ్ల కోసం వీడియో డిస్క్ ఒకటి తయారు చేశారు. ఆపరేషన్ చేయించుకుంటే ఏ మేలు, ఏ ఇబ్బంది, చేయించుకోకుండా కనిపెట్టుకుని ఉంటే ఏమవుతుంది, ఇవన్నీ అంకెలతో చెప్పారు. ఆపరేషన్ ఎంచుకున్న మనిషినీ చూపించారు, వద్దనుకున్న మనిషినీ చూపించారు. అక్కడే ఉంది కిటుకు. ఒక ముఖం చూపిస్తే అది ప్రచారం అవుతుంది. రెండు దారుల్లో వెళ్లినవాళ్లనీ పక్కపక్కన పెట్టి, వాళ్ల వెనకున్న వందల మంది లెక్క కూడా చెబితే అప్పుడది పాఠం అవుతుంది.

ఇంకో అడుగు ముందుకు వేసినాయన ఏంజెలో వొలాండెస్. ముదిరిపోయిన డిమెన్షియా అంటే ఏమిటో మాటల్లో ఎంత చెప్పినా చాలామందికి బోధపడదు. మనిషి సొంతవాళ్లని గుర్తుపట్టలేదు, నడవలేదు, తినలేదు. అలాంటి స్థితి వస్తే మీకు ఎలాంటి వైద్యం కావాలి అని 65 ఏళ్లు దాటిన 200 మందిని అడిగారు. చీటీల పద్ధతిలోనే సుమా. కొందరికి మాటల్లో చెప్పారు. కొందరికి మాటలతో పాటు రెండు నిమిషాల వీడియో చూపించారు. ప్రాణం పొడిగించే చికిత్సలు వద్దు, బాధ లేకుండా చూస్తే చాలు అన్నవాళ్లు మొదటి జట్టులో 64 శాతం, వీడియో చూసినవాళ్లలో 86 శాతం. ఆరు వారాల తర్వాత మళ్లీ అడిగితే, మాటలు మాత్రమే విన్నవాళ్లలో 29 శాతం మనసు మార్చుకున్నారు, వీడియో చూసినవాళ్లలో 6 శాతం. 2009లో వచ్చింది ఈ ఫలితం.

రెండు నిమిషాల బొమ్మకి ఇంత బలమా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. మనిషిని ఇంతగా కదిలించేది ఏదైనా మందు లాంటిదే, మోతాదు చూసుకోవాలి. వొలాండెస్ బృందం మెచ్చుకోదగ్గ పని ఏమిటంటే, తమ వీడియోని కూడా ఒక మందులాగే పరీక్షకి పెట్టారు.

అంకెల్ని తప్పుగా చూపిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1995 అక్టోబర్‌లో బ్రిటన్‌లో ఒక హెచ్చరిక వచ్చింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అని. టీవీలు హోరెత్తించాయి. లెక్క తప్పు కాదు, నిజంగానే రెట్టింపు. పాత మాత్రలతో 7000 మందిలో ఒకరికి వచ్చేది, కొత్తవాటితో ఇద్దరికి. కానీ జనానికి వినపడింది రెట్టింపు అనే మాట ఒక్కటే. ఎంతోమంది ఆడవాళ్లు మాత్రలు ఆపేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13 వేల గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. నిజమే చెప్పారు, కానీ ఎంతమందిలో ఎంతమందికి అనేది చెప్పలేదు.

ఇక చివరిగా ఉగాండా వెళ్దాం. ఆండీ ఆక్స్‌మన్ అనే పరిశోధకుడు, మకెరెరే విశ్వవిద్యాలయంలోని వాళ్లు కలిసి, జవాబులు చెప్పడం కాకుండా ప్రశ్నలు నేర్పుదాం అనుకున్నారు. పదేళ్లు దాటిన బడిపిల్లలకి బొమ్మల పుస్తకం, తల్లిదండ్రులకి చిన్న ఆడియో ఎపిసోడ్లు తయారు చేశారు. ఫలానా ఆకు పసరు రాస్తే కాలిన గాయం మానిందంటున్నారు, దేనితో పోల్చి చూశారు? ఇలాంటి పాఠాలు. 120 బడులు, పదివేల మందికి పైగా పిల్లలు, మళ్లీ చీటీలే. పరీక్ష పెడితే పాఠం విన్న పిల్లల్లో 69 శాతం పాసయ్యారు, విననివాళ్లలో 27 శాతం. ఆడియో విన్న తల్లిదండ్రుల్లో 71 శాతం, విననివాళ్లలో 38 శాతం. 2017లో వచ్చాయి ఇవి.

అసలు ముచ్చట ఏడాది తర్వాతది. పిల్లల్ని మళ్లీ పరీక్షిస్తే, పాఠం విన్నవాళ్లలో 80 శాతం పాస్, విననివాళ్లలో 51. అంటే నిలిచింది. తల్లిదండ్రుల్లో మాత్రం 71 కాస్తా 47కి పడిపోయింది. తేడా చాలావరకు కరిగిపోయింది. పిల్లలు టీచరుతో, పుస్తకంతో వారాల తరబడి నేర్చుకున్నారు. పెద్దవాళ్లు విన్నారు, వదిలేశారు. చిన్న వీడియోకీ ఇదే వర్తిస్తుందని నా ఉద్దేశం. ఒకసారి చూసి పక్కన పెడితే ఆవిరైపోతుంది. నలుగురితో మాట్లాడితే, మళ్లీ మళ్లీ వాడితే ఒంటబడుతుంది.

అందుకని ఆరోగ్యం మీద ఏ వీడియో వచ్చినా, ఈ ఎపిసోడ్‌తో సహా, నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దేనితో పోల్చి చెబుతున్నారు? ఎంతమందిని చూసి చెబుతున్నారు? ఆ జట్లని ఎలా విడదీశారు, చీటీలా, ఇష్టమా? వందమందిలో ఎంతమందికి మేలు, ఎంతమందికి కీడు? ఈ నాలుగింటికీ వీడియోలో జవాబు లేకపోతే అది అబద్ధమని కాదు. దాన్ని నమ్మి మాత్ర మానేయడానికి మాత్రం అది సరిపోదు. డాక్టరుగారిని కూడా ఇవే అడగొచ్చు, మొహమాటపడనక్కర్లేదు. మంచి డాక్టరు సంతోషిస్తారు.

డాక్టర్లూ, నర్సులూ, వైద్య విద్యార్థులూ ఎవరైనా తెలుగులో చిన్న వీడియోలు చేస్తుంటే వాళ్లకొక మనవి. బాగైన ఒక్కరిని చూపించి ఆపకండి. తెర మీద వంద చుక్కలు పెట్టండి. మందు వేసుకుంటే ఎన్ని చుక్కల రంగు మారుతుందో, వేసుకోకపోతే ఎన్నో పక్కపక్కన చూపించండి. దానికి నిమిషం చాలు. అక్షరం రాని అవ్వకి కూడా అర్థమవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో మద్రాసు టీబీ ప్రయోగం గురించే ఇంకాస్త వివరంగా మాట్లాడుకుందాం.